ఇండియాకి ఒక్క పాయింటు

నేను భారతదేశం తరఫున ఆడాను. ఈ మాట అన్నప్పుడల్లా ఛాతీ ఉబ్బాలి. నేను మాత్రం జేబులో లవంగం కోసం తడుముకుంటాను. ముందు ఎండు నెత్తళ్ళ కంపు నోట్లోకి వస్తుంది, దాని వెనకే బొగ్గుపొడి, దాని వెనకే మరొకటి, మర్యాదస్తులు పేరు పెట్టి చెప్పనిది. లవంగం నములుతాను. ఇన్నేళ్ళుగా నేను నమిలిన లవంగాలకి కేరళలో ఒక కొండ బోడి అయ్యుంటుంది. కంపు మాత్రం పోలేదు.

ఆడింది క్రికెట్టు కాదు, హాకీ కాదు. ఆస్ట్రేలియావాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఆడుకునే ఒక రకం ఫుట్‌బాలు. వాళ్ళ దేశం బయట ఆ ఆట పెద్దగా ఎవరికీ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో నా మోకాలు, మోచెయ్యి, ముక్కు దూలం చూస్తే తెలుస్తుంది. ఆ ఆటలో ఇండియా జాతీయ జట్టుకి కుడి వెనక మూల కాపలాదారుణ్ణి నేనే. "నీ వెనకాల దేశం మొత్తం ఉందయ్యా, గుర్తుంచుకో" అన్నాడు మా మేనేజరు. వెనక్కి తిరిగి చూశాను. ఆరబెట్టిన చేపలున్నాయి.

ఎనభైల్లో మాట ఇది. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ చిమ్నీలు సగం సగం లేచి మొండాల్లా నిలబడి ఉండేవి. ఆస్ట్రేలియా నుంచి బొగ్గు ఓడలు వస్తుండేవి. అప్పటికే మా ఊళ్ళో ఎగుమతి ఇనపరాయి తాలూకు ఎర్ర దుమ్ము, ఎరువుల గంధకం తాలూకు పచ్చ దుమ్ము ఉన్నాయి. బొగ్గుతో నల్ల దుమ్ము కూడా చేరి సెట్టు పూర్తయింది. మల్కాపురంలో పొద్దున్న తెల్ల పంచె ఆరేస్తే సాయంత్రానికి ఏ పార్టీ జెండా కావాలంటే ఆ పార్టీ జెండా అయ్యేది. ముక్కు చీదితే ఆ రోజు ఏ బెర్తులో ఏ సరుకు దిగిందో తెలిసిపోయేది.

ఓడల్లోంచి సరుకు దింపే ఒక ప్రైవేటు కంపెనీలో నేను గుమాస్తాని. ఇంగ్లీషు వచ్చినవాడినని పేరు, ఎందుకంటే మిగతావాళ్ళకి అసలు రాదు. అదే కంపెనీలో మా బావ కళాసీ. బావ అంటే మా అప్ప మొగుడు. మా వైపు పెద్దక్కని అప్ప అంటాం. పద్మనాభం దగ్గర పల్లెలో పుట్టి, పొలం పని ఒదిలి, డాకుల్లో పారపనికి వచ్చిన మనిషి. మా బావ కబడ్డీకి దిగితే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గోడలు పక్కకి జరిగేవని చెప్పుకునేవారు. గోడలు జరిగాయో లేదో నేను చూడలేదు. మనుషులు జరగడం చూశాను. అంతటివాడు కంపెనీలో మాత్రం పెళ్ళినాటి నుంచీ క్యాజువల్ కూలీయే. పని ఉంటే రమ్మంటారు, లేకపోతే పొమ్మంటారు.

మా అప్ప కాపరం చేపల రేవు వెనకాల ఒక పేటలో. ఆ పేట మొత్తానికి రెండు దొడ్లు. వాటిని వర్ణించమని నన్నెవరూ అడగలేదు, అయినా వర్ణిస్తాను, నేనొక్కడినే ఎందుకు మోయాలి? ఒకదానికి తలుపు లేదు, తలుపు స్థానంలో గోనెసంచి. లోపలున్నవాళ్ళు ఒక చేత్తో ఆ గోనె పట్టుకుని కూర్చోవాలి. రెండోదానికి తలుపు ఉంది, కప్పు లేదు. వానాకాలంలో గొడుగుతో వెళ్ళాలి. గొడుగు పట్టిన చెయ్యి ముక్కు మూసుకోలేదు కాబట్టి, తడవడమా చావడమా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకునేవాళ్ళు. అక్కడి ఈగలు మామూలు ఈగలు కావు, తిని కూర్చున్న భూస్వాములు. తోలితే లేవవు, తల తిప్పి చూస్తాయి. ఆ వాసన గాలివాటున సముద్రం మీదికి పోయేది. మా రేవులో లంగరు వెయ్యాల్సిన ఓడలు కొన్ని పారాదీప్‌కి మళ్ళిపోవడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం.

"నాకు నగలొద్దు, సీరలొద్దు" అనేది మా అప్ప. "నా దొడ్డి నాకుండాల. అందులోకి నాను ఎల్తే ఇంకోలు 'ఇంకా కానేదేటి' అనీకూడదు. అంతే."

అదెలా వస్తుందో పేటలో అందరికీ తెలుసు. మా బావ పర్మినెంటు కావాలి. పర్మినెంటు అయితే కంపెనీ క్వార్టరు ఇస్తారు. క్వార్టరంటే ఒక గది, ఒక వంటిల్లు, వెనకాల సొంత దొడ్డి. మా అప్ప కళ్ళకి ఆ మూడింటిలో మొదటి రెండూ ఆనేవి కావు.

ఇప్పుడు మా సంక్షేమాధికారి గురించి చెప్పాలి. చెప్పేముందు ఇంకో లవంగం వేసుకుంటాను. కృష్ణా జిల్లా మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. పైన చెప్పిన మూడు రంగుల దుమ్ములో ఆయన ఒక్కడు మాత్రం ఉతికిన దుప్పటిలా తిరిగేవాడు. కళాసీల సంక్షేమం చూడ్డానికి జీతం తీసుకుంటూ, కళాసీ ఎదురైతే సెంటు పూసిన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు. ఆ సెంటు మా ఎండుచేపల కంపుకన్నా దారుణంగా ఉండేది. చేప చచ్చిపోయి కంపు కొడుతుంది, దానికో న్యాయం ఉంది.

ఆ నెలలో రేవులో బొగ్గు దింపే క్రేను చెడిపోయింది. ఆస్ట్రేలియా ఓడ ఒకటి పని లేక నిలబడిపోయింది. అందులో నావికులు డెక్కు మీద కూర్చుని దోమల్ని లెక్కపెడుతున్నారు. మా అధికారి సంక్షేమం పేరు చెప్పి సీసా దొరుకుతుందేమోనని ఓడెక్కాడు. కెప్టెను ఆయనకి సీసా ఇచ్చి, ఊళ్ళో ఫుట్‌బాలు ఆడేవాళ్ళున్నారా అని అడిగాడు. సీసా చేతిలో ఉన్న మనిషి దేనికైనా ఉన్నారనే అంటాడు. ఉన్నారన్నాడు. దిగి వచ్చేటప్పుడు చంకలో ఒక బంతి ఉంది. అది గుండ్రంగా లేదు. ముదిరిన బొప్పాయిలా అటూ ఇటూ కోసుగా ఉంది.

"గాలి సరిగ్గా కొట్టలేదేమో సార్" అన్నాను.

"వాళ్ళ దేశంలో బంతి అంతేనయ్యా" అన్నాడాయన, తనే కన్నట్టు. "జట్టుకి పద్దెనిమిది మంది కావాలి. ఎగరొచ్చు, దూకొచ్చు, ఎదటివాణ్ణి పట్టి పడెయ్యొచ్చు. మన కళాసీలకి సరిపోతుంది. అసలు సంగతి విను. ఇండియాలో ఈ ఆట ఆడే జట్టు ఇంకోటుందా?"

"లేదండి."

"మరి మనది జాతీయ జట్టే కదా?"

ఆలోచించాను. ఈ రోజుకీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ లెక్కలో తప్పెక్కడుందో దొరకలేదు.

మర్నాడు గేటు దగ్గర కళాసీల్ని పోగుచేసి, రుమాలు అడ్డం పెట్టుకుని, ఉపన్యాసం ఇచ్చాడు. ఆదివారం నాడు ఇండియా ఆస్ట్రేలియాతో తలపడుతుంది. క్రీడాకారుల కోటాలో కంపెనీకి ఒక పర్మినెంటు పోస్టు ఉంది. ఇండియాకి మొదటి పాయింటు ఎవడు తెస్తే ఆ పోస్టు వాడిది. ఇదీ ఆ ఉపన్యాసం సారాంశం, మిగతాదంతా దేశమాత.

మా బావ చెయ్యెత్తాడు. "పర్మినెంటంటే క్వార్టరిత్తారా బాబూ?"

"ఇస్తారు."

"క్వార్టర్లో దొడ్డుంటాది కదా?"

"దేశం గురించి మాట్లాడుతుంటే దొడ్డి గురించి అడుగుతావేంటయ్యా!"

"దేసానికి దొడ్డి అక్కర్నేదా బాబూ?" అన్నాడు మా బావ. ఎగతాళికి కాదు. తెలుసుకుందామనే అడిగాడు.

గ్యాంగు ఆ సాయంత్రమే టీకొట్టు దగ్గర తేల్చేసింది. బంతి ఎవడి చేతికొచ్చినా మా బావకే అందించాలి. గ్యాంగులో అందరికంటే పాత క్యాజువల్ ఆయనే. పైగా మా అప్ప నోరు అందరికీ తెలుసు.

ఆట నేర్పడానికి ఓడ నుంచి ఎర్రజుట్టు వంటవాడొకడు వచ్చాడు. మనిషి తాటిచెట్టంత. చెమట పట్టిందంటే గొర్రెల మంద తడిసినట్టు ఉండేది. వాడు చెప్పింది నేను తెలుగు చేసేవాణ్ణి, ఒక మనిషి తక్కువైతే జట్టులోకీ నన్నే లాగారు. బంతిని తన్నొచ్చు, పట్టుకోవచ్చు, గుద్దొచ్చు, విసరకూడదు. బంతితో పరిగెత్తేవాడు మధ్యమధ్యలో దాన్ని నేలకి కొట్టి మళ్ళీ పట్టుకోవాలి. ఆ బొప్పాయి నేలకి తగిలితే ఎటు లేస్తుందో దాన్ని చేసినవాడికి కూడా తెలియదు. మొదటిసారి నేను కొడితే అది లేచి నా ముక్కు మీదే వాలింది. గోలు దగ్గర నాలుగు కర్రలు పాతుతారు. నడిమి రెంటి మధ్యనుంచి పోతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే ఒక పాయింటు.

"తప్పినా మార్కులిచ్చీ ఆటేటి బావా?" అన్నాడు మా బావ. నాకన్నా పెద్దవాడైనా నన్ను బావా అనే పిలిచేవాడు. మా ఊళ్ళో మగవాళ్ళందరూ ఒకరికొకరు బావలే. "మా పిల్లడి ఇస్కూల్లో ఈ పద్దతెట్టుంటే ఈపాటికి కలెక్టరైపోయీవోడు."

ప్రాక్టీసు అయ్యాక ఆ వంటవాడు ప్రేమగా రొట్టెల మీద ఒక నల్లటి లేహ్యం పూసి తలో ముక్క పెట్టాడు. వాళ్ళ దేశంలో పసిపిల్లలు తింటారట. నేను కొరికాను. క్రేను పళ్ళచక్రాలకి పూసే గ్రీజులో ఉప్పు కలిపి, ఆ గ్రీజుని ఏడిపించి, ఆ కన్నీళ్ళు కూడా అందులోనే పోస్తే ఆ రుచి వస్తుంది. ఒక కళాసీ పెద్దమనిషి తరహాగా అవతలికి వెళ్ళి కుక్కకి పెట్టాడు. ఆ కుక్క మళ్ళీ మా ప్రాక్టీసుకి రాలేదు.

మా గ్యాంగు అలవాటొకటి ఆ మొదటి రోజే బయటపడింది. ఇది చెప్పకపోతే తర్వాత కథ మీకు అర్థం కాదు. ఓడ అడుగున బొగ్గు ఉండే గదిని హోల్డు అంటాం. పైపై బొగ్గు క్రేను తోడుకుపోతుంది, అంచులకి అంటుకున్నది మనుషులు దిగి పారలతో లాగాలి. గోడలా నిలిచిన బొగ్గు ఒక్కోసారి జారుతుంది. ఆ నల్ల దుమ్ములో మనిషి పడితే పక్కవాడికి కూడా కనపడడు. పని ఆగకపోతే ఆ మనిషి మీద బొగ్గు పడుతూనే ఉంటుంది. అందుకని హోల్డులో ఒక కట్టుబాటు. ఎవడు పడ్డా, చూసినవాడు "మనిషీ!" అని కేకేస్తాడు. ఆ కేక వినపడితే చేతిలో ఏదున్నా కింద పెట్టాలి. అందరూ వెళ్ళి పడ్డవాణ్ణి లేపాలి, నోట్లో బొగ్గు తియ్యాలి, వాడు ఒక మాట మాట్లాడాలి. ఏ మాటైనా సరే. చాలామంది మేస్త్రీని తిట్టేవాళ్ళు. ఆ మాట విన్నాకే పార ముట్టుకోవడం. మేస్త్రీ గోల పెట్టినా సరే, పై నుంచి కెప్టెను గోల పెట్టినా సరే.

ప్రాక్టీసులో ఎర్రజుట్టువాడు కాలు జారి పడ్డాడు. "మనిషీ!" అని కేక. మా పద్దెనిమిది మందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగి, బంతి కింద పెట్టి, వెళ్ళి వాణ్ణి లేపి, దులిపి, నోరు తెరిపించి చూసి, మాట కోసం ఎదురుచూశారు. వాడు బిత్తరపోయి ఏదో బూతు మాట అన్నాడు. "ఆఁ, బాగున్నాడు" అని ఆట మొదలుపెట్టారు.

చూస్తున్న మా అధికారి రుమాలు తీసేసి మరీ అరిచాడు. "ఆట అంటేనే పడెయ్యడం కదయ్యా! పడ్డవాణ్ణి లేపుతారేంటి? ఆదివారం నాడు ఒక్కడు కూడా ఎవణ్ణీ లేపడానికి వీల్లేదు. లేపినవాడు పోస్టు సంగతి మర్చిపోవచ్చు."

కళాసీలు తలలూపారు. హోల్డులో కూడా మేస్త్రీ మాటకి అలాగే ఊపేవాళ్ళు.

ఆదివారం వచ్చింది. మైదానం అంటే ఇనపరాయి యార్డు వెనక ఖాళీ జాగా. ఒక పక్క ఎర్ర గుట్ట, ఒక పక్క మురుగు కాలవ, ఒక పక్క గేదెలు తమ పని కానిచ్చుకుని వెళ్ళిన నిదర్శనాలు. నాలుగో పక్క, సరిగ్గా నేను కాపలా కాయాల్సిన మూల, చేపలమ్మలు నేల నిండా నెత్తళ్ళు ఆరేసి ఉన్నారు. తియ్యమంటే తియ్యలేదు.

"మా సేపల మీద ఆడతారేటి? ఎండిపోయిన్నాకా ఆడుకోండి, ఎవులొద్దన్నారు?" అన్నదొకామె.

"ఇది దేశం ఆటమ్మా" అన్నాను.

"అలగైతే దేసాన్ని కూసింత అటు జరగమను బాబూ."

జరిగాం. మాకు జెర్సీలు కూడా ఉన్నాయి. జట్టుకి మేనేజరు కూడా మా అధికారే, పొదుపు కొద్దీ పాత బనీన్లని బట్టల నీలిమందులో ముంచి ఇచ్చాడు. మొదటి చెమటకే రంగు ఒంట్లోకి దిగింది. తర్వాత వారం రోజులు మా గ్యాంగంతా నీలమేఘశ్యాములమై డ్యూటీకెళ్ళాం. నాతో కరచాలనం చేసిన హెడ్డుగుమాస్తా చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి ఒక పూట రాలేదు.

ఆట మొదలైంది. ఆస్ట్రేలియావాళ్ళు ఆ ఆట ఆడే పద్ధతి ఏమిటంటే, ఊపిరి తీసుకున్నప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి కింద పడతారు. ఎగిరి ఒకడి భుజం మీద మోకాలు పెట్టి బంతి పట్టుకుని పడతాడు. వాడి మీద ఇంకొకడు పడతాడు. పడిన ప్రతిసారీ ఎవడో ఒకడు "మనిషీ!" అనేవాడు. ఇండియా మొత్తం బంతి వదిలేసి పరుగు. అధికారి ఆజ్ఞ ఎవరికీ గుర్తులేదని కాదు. గుర్తున్నా కాళ్ళు అటే పోయేవి. పడ్డవాణ్ణి ఎత్తి, బనీనుతో మొహం తుడిచి, నీలిరంగు పూసి, "మాటాడు, మాటాడు" అని బతిమాలేవాళ్ళు. మొదట ఆ నావికులు తెల్లబోయారు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత, చెప్పడానికి నాకు అసహ్యం వేస్తోంది గానీ, తెలివి మీరారు. మాలో సగం మంది ఒకణ్ణి లేపుతుంటే మిగతావాళ్ళు తీరిగ్గా వెళ్ళి గోల్సు కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురైతే పడకుండానే పడినట్టు పడుకునేవారు. మనవాళ్ళు వాళ్ళని కూడా లేపారు.

స్కోరు రాసే నల్లబల్ల మీద జాగా అయిపోయి, ఆస్ట్రేలియా పాయింట్లు చెక్క ఫ్రేము మీదికి ఎక్కాయి. ఇండియా పక్కన సున్నా ఒక్కటే విశాలంగా, గాలీ వెలుతురూ తగిలేలా ఉంది. నేను నా మూలలో దేశాన్ని కాపాడుతూ రెండుసార్లు గేదెల నిదర్శనాల మీద, ఒకసారి నెత్తళ్ళ మీద బోర్లా పడ్డాను. నన్ను కూడా లేపారు. నేనేమన్నానో ఇక్కడ రాయను.

గీత అవతల మేనేజరు చిందులు తొక్కుతున్నాడు. ఆయన పక్కన ఆయన బావమరిది, ఉద్యోగం వెతుక్కుంటూ బెజవాడ నుంచి వచ్చినవాడు, టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు.

ఆఖరి పావుగంట. ఎలా వచ్చిందో బంతి నా చేతుల్లోకి వచ్చింది. నాకు వచ్చిన భయానికి దాన్ని గుద్దేశాను. అది ఒక కళాసీకి, వాడి దగ్గర నుంచి ఇంకొకడికి, అక్కణ్ణించి మా బావకి. మా బావ బంతి గుండెకి హత్తుకుని పరుగు తీశాడు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి భుజంతో పక్కకి నెట్టాడు. పద్మనాభంలో గోడలు జరగడం గురించి చెప్పానే, ఆ రోజు నమ్మాను. ఎదురుగా నాలుగు కర్రలు. అడ్డం ఎవడూ లేడు. వెనక ఎర్రజుట్టు వంటవాడొక్కడు తరుముకొస్తున్నాడు. చూస్తున్న పేట జనమంతా లేచి నిలబడ్డారు. వాళ్ళ మధ్యలోంచి మా అప్ప గొంతు, ఓడ కూతకి మించి: "తన్నీ! తన్నీ మావా!"

గురి తప్పినా చాలు. తప్పినా పాయింటే. ఆ సందుల్లోంచి ఎటు పోయినా అవతల క్వార్టరు.

అప్పుడు వెనకాల ధబ్బుమని చప్పుడైంది. చేపలమ్మలు వలలు ఆరేసే గుంజ ఒకటి తన్నుకుని ఎర్రజుట్టువాడు మొహం కిందికి పెట్టి మురుగు కాలవ గట్టున పడ్డాడు. ఎవరూ "మనిషీ" అనలేదు. అందరికీ ఆ క్షణాన క్వార్టరే కనిపిస్తోంది. నాకు కూడా.

మా బావ ఆగాడు. ఎవరూ పిలవకుండానే ఆగాడు. వెనక్కి తిరిగి చూసి, బంతిని జాగ్రత్తగా, గుడ్డు పెట్టినట్టు నేల మీద పెట్టి, వెనక్కి నడిచాడు.

వాడు లేవడం లేదు. మా బావ తిరగేశాడు. నోటి నిండా కాలవ బురద. అది ఏ బురదో, అందులోకి పేట తాలూకు ఏయే నీళ్ళు వచ్చి కలుస్తాయో నాకు తెలుసు. మా బావకీ తెలుసు. రెండు వేళ్ళు వాడి గొంతు దాకా పోనిచ్చి ఆ నలుపంతా బయటికి తీశాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. నేను పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాను. ఆ మైదానానికి నావంతు అదే. తర్వాత వాణ్ణి బోర్లా తన మోకాలి మీద వేసుకుని వీపు మీద చరుస్తూ, "మాటాడ్రా... ఓరి ఎర్రోడా, ఏదోటి మాటాడ్రా..." అంటున్నాడు. ఆస్ట్రేలియా జట్టు కూడా చుట్టూ చేరింది. ఇప్పుడు వాళ్ళెవరూ గోల్సుకి వెళ్ళలేదు. కాసేపటికి వాడు దగ్గి, కక్కి, ఎవరినో పిలిచాడు. వాళ్ళమ్మని అనుకుంటా.

"ఆఁ" అన్నాడు మా బావ, చేతులు గడ్డికి తుడుచుకుంటూ.

ఇదంతా జరుగుతుండగా బంతి ఒంటరిగా ఉంది కదా. మా మేనేజరు తెల్ల ప్యాంటుతో గీత దాటి పరిగెత్తుకొచ్చాడు. మనిషి కోసం అనుకున్నారందరూ. ఆయన ఆ గుంపుని చుట్టి వెళ్ళి, బంతిని ఒక్క తన్ను తన్నాడు. అంత దగ్గర నుంచి, ఎవరూ అడ్డం లేకుండా, గురి తప్పాడు. పక్క సందులోంచి పోయింది. గోలు దగ్గర జెండాతో కూర్చున్న ముసలి నావికుడు బీరు సీసా చంకలో పెట్టుకుని, ఎవరు తన్నారో చూడకుండా, ఒక జెండా ఊపాడు.

ఇండియాకి ఒక్క పాయింటు.

ఆ సాయంత్రం మేనేజరు మెడలో దండ పడింది. దండ ఆయనే తెప్పించుకున్నాడు. నాలుగు రోజుల్లో క్రీడాకారుల కోటా పోస్టు ఆయన బావమరిదికి, అంటే జాతీయ జట్టు సహాయ మేనేజరుకి, అంటే ఫ్లాస్కుకి వెళ్ళింది.

మా బావ నన్ను తోడు తీసుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

"నేనేం చెయ్యనయ్యా?" అన్నాడు అధికారి రుమాలు లోంచి. "బంతి కింద పెట్టింది నువ్వు. దేశం పరువు కింద పెట్టావు. లేపొద్దని ముందే చెప్పానా లేదా?"

"సెప్పినారు బాబూ" అన్నాడు మా బావ. "మరి రేపు తమరు పడితే ఏటి సెయ్యమంటారు? ఇప్పుడే సెప్పీండి, గేంగుకి సెప్పీసి ఉంచుతాను."

అధికారి బయటికి పొమ్మన్నాడు. బయటికి వచ్చేశాం. నా మనసులో మాత్రం ఆ బంతిని అప్పటికే ఆయన నోట్లో కోసువైపు నుంచి దూర్చేశాను.

మా అప్పకి ఎలా చెప్పాలా అని దారంతా అనుకున్నాం. చెప్పాం. ఆమె పొయ్యి ముందు కూర్చుని మొత్తం విన్నది. బావని తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"ఆ బాబు ఇల్లు ఎక్కడరా తమ్ముడూ?" అని అడిగింది.

కొండవాలున ఆఫీసర్ల కాలనీలో అని చెప్పాను. మర్నాడు పొద్దున్నే మా అప్ప చెంబు పట్టుకుని, తలకి నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని ఆ ఇంటి తలుపు తట్టింది. అధికారి భార్య తీసింది.

"దండాలమ్మా. నాను కళాసీ పెళ్ళాన్ని. బాబుగారు మాకు దొడ్డి ఇత్తానని గేటుకాడ అందరెదరా సెప్పినారు. అది ఇంకా రానేదు. వచ్చీదాకా తవరిది వాడుకుందావని వచ్చినాను."

మా అప్ప ఆమె పక్కనుంచి మర్యాదగా లోపలికి వెళ్ళి, పని చూసుకుని, బకెట్టు నిండా నీళ్ళు కొట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చింది.

"రోజూ వస్తావా ఏంటి?" అన్నది ఆమె చివరికి.

"రోజూ కాక ఏడాదికోపాలి ఎల్తారేటమ్మా ఎవులైనా?"

రెండో రోజు మా అప్పతో పాటు కళాసీల ఇళ్ళనుంచి ఇంకో నలుగురు ఆడవాళ్ళు. మూడో రోజుకి వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. అందరి చేతుల్లో చెంబులు, డబ్బాలు. ఎవరూ గొడవ చెయ్యలేదు. పేట అలవాటు కొద్దీ వరసలో నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. పక్కింటి ఆఫీసర్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. మా అధికారి లుంగీ కట్టుకుని, కడుపు పట్టుకుని, తన ఇంట్లోనే తన దొడ్డి వైపు గబగబా వచ్చాడట. ముందున్న ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"లైనున్నాది బాబూ. ఆకర్న నిలబడండి."

ఆయన తలుపు కొట్టాడు. లోపల ఉన్నది మా అప్ప. "ఇంకా కానేదు!" అని కేకేసిందట. ఆ రోజు ఆ తెల్ల బట్టల మనిషి ఎక్కడికి వెళ్ళాడో, ఎలా వెళ్ళాడో కాలనీలో రకరకాలుగా చెప్పుకున్నారు. నేను అన్నీ నమ్ముతాను. అన్నిటికంటే కంపుగా ఉన్నదాన్ని ఎక్కువ నమ్ముతాను.

ఆ వారంలోనే మా బావ పర్మినెంటు అయ్యాడు. క్రీడాకారుల కోటాలో కాదు. ఏ కోటాలో అని అడిగితే ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో అందరూ నవ్వు ఆపుకుని కాగితాలు సర్దుకునేవాళ్ళు.

క్వార్టరు ఇచ్చారు. వరసలో ఆఖరిది, మురుగు తూము పక్కన. గోడలకి సున్నం లేదు, వంటింట్లో పొగ పోయే దారి లేదు, గుమ్మంలో ఎవరో చచ్చిన పందికొక్కుని మా కోసం వదిలి వెళ్ళారు. ముక్కు మూసుకుని తీశాను. సామాను ఇంకా బండి మీదే ఉంది. మా అప్ప పొయ్యి పెట్టలేదు, పాలు పొంగించలేదు. నేరుగా వెనక్కి వెళ్ళి, దొడ్లో దూరి, తలుపు వేసుకుంది.

చాలాసేపు రాలేదు. బండివాడు తొందరపెడుతున్నాడు. మా బావ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏటే? ఏటి సేత్తన్నావ్ లోపల?"

"ఏటీ నేదు. ఊరికినే కూకున్నాను."

"ఊరికినే కూకుంతావేటి? బండోడు అరుత్తన్నాడు."

"బయట నా ఎనకాతల ఎవులైనా లైన్లో ఉన్నారా?"

మా బావ నా వైపు చూశాడు. నేను అటూ ఇటూ చూశాను.

"ఎవులూ నేరు" అన్నాడు.

"అలగైతే అక్కణ్ణించి ఎల్లండి."